ఇత్తడిని శుభ్రపరచడానికి ఏది మేలు: చింతపండు, నిమ్మ ఉప్పు, పాలిషు, యంత్రం

చెన్నైలో ఇత్తడి త్వరగా నల్లబడుతుంది. సముద్రపు గాలిలోని ఉప్పు, ఏడాదిలో ఎక్కువ నెలలు వదలని తేమ, చాలా వీధుల్లో బోరు నీటికి ఉండే ఉప్పదనం కలిసి, కడిగి పెట్టిన కుందిని కొద్ది రోజుల్లోనే మసకబారుస్తాయి. వరలక్ష్మీ వ్రతానికి ముందూ, కార్తీక మాసానికి ముందూ మన ఇళ్లలో అటక మీది సామాను దింపి తోమడం ఇక్కడ మరింత శ్రమతో కూడిన పని కావడానికి కారణం అదే. ఆ శ్రమను తగ్గిస్తామని చెప్పే మార్గాలు ఇప్పుడు చాలా వచ్చాయి. పాత చింతపండు, నిమ్మ ఉప్పు, డబ్బాల్లో దొరికే పొడులు, సీసాల్లో దొరికే పాలిషు ద్రవాలు, కళ్లద్దాల దుకాణాల్లో కనిపించే, నీటిలో కంపనాలతో మురికి వదిలించే అల్ట్రాసోనిక్ తొట్లు, విదేశాల్లో వాడేసిన తూటాల ఇత్తడి గొట్టాలను శుభ్రపరిచే తిరుగుడు పీపాలు, పాత్రల దుకాణాల వారు తిరిగే గుడ్డ చక్రం మీద చేసే బఫింగు, ఇలా ఎన్నో ఉన్నాయి. వీటిలో ఏది ఎక్కువ మెరుపునిస్తుందన్న ప్రశ్నతో మొదలుపెడితే ఎంపిక తప్పుదారి పడుతుంది. వస్తువు ఎలా తయారైంది, దాని మీద ఉన్న మురికి ఏ రకానిది, అది తిరిగి దేనికి వాడబడుతుంది అనే మూడు విషయాలు తేలాక మాత్రమే పద్ధతిని నిర్ణయించాలని నా దృఢమైన అభిప్రాయం.

ముందు వస్తువును చూడండి

ఇత్తడి అంటే రాగి, జింకు కలిసిన మిశ్రమ లోహం. తూటాల గొట్టాలకు వాడే ఇత్తడిలో సుమారు 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు ఉంటాయి. పోత పోసే వస్తువుల్లో ఈ నిష్పత్తి మారుతుంది, పైగా చాలా పోత ఇత్తడిలో కొద్దిగా సీసం కూడా కలుపుతారు. కంచు వేరు, అందులో రాగితో కలిసేది తగరం.

మన ఇళ్లలోని ఇత్తడి రెండు దారుల్లో తయారై వస్తుంది. కుంభకోణం దగ్గరి నాచ్చియార్‌కోయిల్ దీపపు సెమ్మెలు, శ్రీకాకుళం జిల్లా బుడితి పాత్రలు పోత పోసి చేసినవి. పెంబర్తి కళాకారుల పని ప్రధానంగా రేకును కొట్టి, నగిషీ చెక్కి చేసేది. బిందెలు, చెంబులు, తాంబాళాలు ఎక్కువగా రేకును సాగదీసి గానీ యంత్రం మీద ఒత్తి గానీ చేసినవి. ఈ తేడాను పట్టించుకోవాలి. రేకును కొట్టినప్పుడూ ఒత్తినప్పుడూ లోహం లోపల ఒక బిగువు మిగిలిపోతుంది. తగినంత కాచి ఆ బిగువు తీయకపోతే, కొన్ని రసాయనాలు తగిలినప్పుడు ఆ రేకు పగుళ్లిస్తుంది. పోత వస్తువుకు ఈ ప్రమాదం చాలా తక్కువ.

ఈ విషయం ప్రపంచానికి తెలిసింది మన దేశంలోని తూటాల వల్లనే. బ్రిటిష్ పాలనలో సైన్యం తన తూటాలను వర్షాకాలంలో గుర్రపుశాలల్లో నిల్వ ఉంచినప్పుడు, వాటి ఇత్తడి గొట్టాలు ఎవరూ తాకకుండానే చీలిపోయేవి. గుర్రాల మూత్రం నుంచి వెలువడిన అమ్మోనియా, గాలిలోని తేమ, గొట్టాన్ని సాగదీసినప్పుడు లోహంలో మిగిలిన బిగువు ఒకచోట చేరడమే దానికి కారణమని 1921లో శాస్త్రజ్ఞులు వివరించారు. గొట్టాలు తయారయ్యాక తక్కువ వేడిలో కాచి బిగువు తీయడం అందుకు విరుగుడైంది. ఈనాటికీ ఖాళీ గొట్టాలను శుభ్రపరిచేవారు అమ్మోనియా ఉన్న పాలిషును దూరంగా ఉంచుతారు. మీ ఇంట్లో అమ్మమ్మ కాలపు రేకు బిందె ఉంటే, ఆ జాగ్రత్త దానికి కూడా వర్తిస్తుంది.

ఇంకొక పరీక్ష కూడా అవసరం. వస్తువుకు అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే అది ఇనుము మీద ఇత్తడి పూత మాత్రమే, దానిని ఆమ్లంలో ముంచితే పూత పోతుంది. అంటుకోనంత మాత్రాన మొత్తం ఇత్తడే అని నిర్ధారణ కాదు, ఎందుకంటే జింకు మిశ్రమం మీద పూత వేసిన వస్తువులు కూడా అయస్కాంతానికి అంటుకోవు. బరువు తేలికగా ఉండి, అరిగిన చోట బూడిదరంగు కనబడితే అనుమానించాలి. గోడకు తగిలించే అలంకార వస్తువుల మీద చాలాసార్లు పారదర్శకమైన లక్క పూత ఉంటుంది. అవి అంతటా ఒకేలా నల్లబడకుండా, పూత ఊడిన చోట మాత్రమే మచ్చలుగా నల్లబడతాయి. వాటికి గోరువెచ్చని సబ్బునీళ్లు, మెత్తని బట్ట చాలు.

మురికి ఒక్కటి కాదు

దీపపు కుంది మీద ఉన్న నలుపును చాలామంది ఒకే రకం మురికి అనుకుంటారు. నిజానికి పైన ఉన్నది ఏళ్ల తరబడి కాలి గట్టిపడిన నూనె, దాని కింద ఉన్నది రాగి ఆక్సైడు పొర. ఆమ్లం నూనె పొరను దాటి లోపలికి పోలేదు. చింతపండు పెట్టి గంటల తరబడి రుద్దినా నలుపు వదలలేదని చెప్పేవారి కష్టం చాలావరకు ఇక్కడే ఉంది. ముందు బట్టల సోడా కలిపిన వేడి నీళ్లలో నానబెట్టి జిడ్డు వదిలించాలి. ఆ తరువాత ఆమ్లం చేయాల్సిన పని చాలా చిన్నది. సెమ్మెల మరలు విప్పి, పీఠం, కాడ, పళ్లెం, శిఖరం విడివిడిగా నానబెట్టడం మంచిది, లేకపోతే మరల సందుల్లో నిలిచిన నీరు తరువాత పచ్చని చిలుముగా బయటపడుతుంది.

చిలుము రెండు రకాలు. గట్టిగా, నునుపుగా, ముదురు ఆకుపచ్చగా ఉండేది నిలకడైనది. లేత ఆకుపచ్చ పొడిలా ఉండి, తుడిచిన కొద్ది రోజులకే అదే చోట మళ్లీ పుట్టేది ఉప్పులో ఉండే క్లోరైడు వల్ల వచ్చేది, అది లోహాన్ని లోపలి నుంచి తింటూ పోతుంది. ఉప్పుగాలి ఉన్న ఊళ్లో దీని పట్ల నిర్లక్ష్యం పనికిరాదు. చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియంలో 1930లో రసాయన పరిరక్షణ ప్రయోగశాలను నెలకొల్పి, పాత కంచు విగ్రహాలను ఇటువంటి తెగులు నుంచి కాపాడే పని అక్కడ చేపట్టారు. పాత విగ్రహం మీద అటువంటి పొడి కనిపిస్తే ఇంట్లో ఏ ప్రయోగమూ చేయకుండా, పొడి ప్రదేశంలో ఉంచి, పరిరక్షణ తెలిసినవారికి చూపించాలి.

చింతపండు, నిమ్మ ఉప్పు

ఈ రెండింటి మధ్య పోలికే చాలా ఇళ్లకు అసలైన ఎంపిక. చింతపండు గుజ్జులో ప్రధానంగా టార్టారిక్ ఆమ్లం, నిమ్మ ఉప్పులో సిట్రిక్ ఆమ్లం ఉంటాయి. రెండూ ఆక్సైడు పొరను కరిగిస్తాయి, శుద్ధ లోహాన్ని మాత్రం చాలా నెమ్మదిగా తాకుతాయి. చింతపండుకు ఉన్న గొప్పతనం దాని గుజ్జు. నిలువుగా ఉన్న కాడకు, వంపు తిరిగిన చెంబుకు అది అంటుకుని నిలుస్తుంది, పీచు మెత్తగా రుద్దుతుంది, చేతికి హాని చేయదు. వారం వారం తోమే పంచపాత్ర, ఉద్ధరిణి, హారతి పళ్లెం వంటి వాటికి ఇంతకంటే మంచిది నాకు కనబడలేదు. దాని లోపం కూడా ఆ గుజ్జులోనే ఉంది. నగిషీ సందుల్లో చిక్కుకుని, కడిగినా పూర్తిగా పోకుండా, ఎండిన తరువాత అక్కడ మళ్లీ చిలుము పుట్టడానికి చోటిస్తుంది.

చింతపండుతో ఉప్పు కలపడం మన ఆనవాయితీ. ఉప్పు కలిపితే పని వేగంగా అవుతుందన్న మాట నిజమే, కానీ అందులోని క్లోరైడు సందుల్లో మిగిలితే పైన చెప్పిన లేత పచ్చ పొడికి అదే బీజం. చెన్నై గాలి ఇప్పటికే ఉప్పును మోసుకొస్తున్నప్పుడు, మనం చేజేతులా మరింత ఉప్పు పూయడం అనవసరమని నేను భావిస్తాను. మొండి మరకకు తప్పనిసరి అయితే తప్ప ఉప్పు వాడకండి, వాడితే రెట్టింపు నీళ్లతో కడగండి.

నిమ్మ ఉప్పు అలంకారాలు ఎక్కువగా ఉన్న వస్తువులకూ, ఒకేసారి ఎక్కువ సామాను కడగవలసి వచ్చినప్పుడూ మేలు. లీటరు గోరువెచ్చని నీటికి ఒక పెద్ద చెంచా, అంటే సుమారు 15 గ్రాములు సరిపోతుంది. ప్లాస్టిక్ బకెట్టులో కలిపి, జిడ్డు వదిలిన వస్తువును ముంచి, ఐదు నిమిషాలకొకసారి తీసి చూడాలి. మామూలు నలుపు పది నిమిషాల లోపే వదులుతుంది. రాత్రంతా నానబెట్టమని చెప్పే సలహాలను పాటించవద్దు. ఎక్కువసేపు ఆమ్లంలో ఉంటే ఇత్తడిలోని జింకు ముందుగా కరిగి, పైన రాగి మిగిలి, వస్తువు గులాబీ రంగుకు తిరుగుతుంది. ఇనుప వస్తువు లేదా ఇనుప పీచు ఆ నీళ్లలో పడినా, కరిగిన రాగి తిరిగి ఇత్తడి మీదకు చేరి అదే రంగు వస్తుంది. అల్యూమినియం పాత్రను ఈ పనికి అసలు వాడకూడదు. కొద్దిగా గులాబీ రంగు పడితే కంగారు అవసరం లేదు, సన్నని విభూతితో రుద్దితే పోతుంది, కానీ లోతుగా పడిన రంగు లోహ నష్టానికి గుర్తు.

ముంచడం కంటే ఆ తరువాతి కడుగుడు మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. ముందు మామూలు నీళ్లు, తరువాత ఒక చెంచా వంటసోడా కలిపిన నీళ్లు, చివరగా ఆర్వో యంత్రం నుంచి వచ్చిన తాగునీళ్లు వాడాలి. ఆ యంత్రం బయటికి వదిలే వృథా నీటిలో లవణాలు మరింత ఎక్కువ కాబట్టి దానిని ఈ పనికి వాడకండి. బోరు నీటితో కడిగి గాలికి ఆరనిస్తే ప్రతి బొట్టు ఎండిన చోట తెల్లని మచ్చ మిగులుతుంది. కాబట్టి పాత నూలు బట్టతో వెంటనే తుడిచి, సందులున్న వస్తువులను ఎండలో గానీ, జుట్టు ఆరబెట్టే యంత్రంతో గానీ పూర్తిగా ఆరబెట్టాలి. విభూతితో చివరి మెరుగు పెట్టడం మంచి అలవాటు, అది సన్నగా రుద్దుతుంది, మిగిలిన ఆమ్లాన్ని కూడా కొంత చంపుతుంది. వాడేసిన ఆమ్లపు నీళ్లలో రాగి కరిగి ఉంటుంది, వాటిని తులసి కోటలోనో మొక్కల కుండీలోనో పోయకుండా, ఎక్కువ నీళ్లతో కలిపి మురుగు కాలువలో పోయండి.

బాత్రూములు కడిగే ఆమ్లాన్ని కొందరు ఇత్తడికి వాడుతున్నారు. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. క్షణాల్లో మెరుపు వస్తుంది గానీ జింకును లాగేస్తుంది, క్లోరైడును లోహంలో వదిలిపోతుంది. ఈ పోలికలో దానికి స్థానమే లేదు.

పొడులు, పాలిషు ద్రవాలు

పీతాంబరి వంటి పొడులు ఆమ్లాన్నీ, సన్నగా రాపిడి చేసే పదార్థాన్నీ కలిపి చేసినవి. సమయం లేని రోజున నునుపైన చెంబుకు, పళ్లేనికి అవి సౌకర్యం. ఏళ్ల తరబడి వాడితే నగిషీ అరుగుతుంది, సందుల్లో తెల్లని పొడి నిలుస్తుంది. అందుచేత చెక్కుడు పని ఉన్న వస్తువులకు నేను వాటిని సూచించను.

సీసాల్లో దొరికే పాలిషు ద్రవాల్లో కిరోసిను వంటి ద్రావకం, సన్నని రాపిడి పొడి, చాలా వాటిలో అమ్మోనియా ఉంటాయి. అద్దంలాంటి మెరుపూ, కొన్నాళ్లు నల్లబడకుండా ఆపే పలుచని పొరా వీటి బలం. తలుపు పిడులకు, పేరు పలకలకు, మెట్ల కటకటాలకు ఇవి సరైనవి. తినే పాత్రలకు, నైవేద్యం పెట్టే పళ్లాలకు ఇవి తగవు. రేకు కొట్టి చేసిన పాత వస్తువులకు వాడితే అమ్మోనియా లేదని సీసా మీద చదివి నిర్ధారించుకున్నాకే వాడాలి.

కళాయి పూసిన పాత్రల లోపలి వైపు గురించి ఒక మాట. తగరపు పూత మెత్తనిది, రాపిడి పొడితో తోమితే పోతుంది. లోపల సబ్బు, మెత్తని బట్ట మాత్రమే వాడి, బయటి వైపే చింతపండు పట్టించండి. కళాయి పోయిన ఇత్తడి పాత్రలో పులుసు, పెరుగు ఉంచకూడదన్న పెద్దల మాటకు రసాయన శాస్త్రం కూడా ఒప్పుకుంటుంది.

యంత్రాలు

అల్ట్రాసోనిక్ తొట్టి సాధారణంగా సెకనుకు 40 వేల కంపనాలతో నీటిలో సన్నని బుడగలను పుట్టించి పగలగొడుతుంది, ఆ దెబ్బకు సందుల్లోని మురికి ఊడుతుంది. గొలుసుల లంకెలు, చిరుగంటలు, జల్లెడ పని ఉన్న చిన్న వస్తువులు ఎక్కువగా ఉన్నవారికి ఇది నిజంగా ఉపయోగం. కానీ ఇది మురికిని తీస్తుంది, మెరుగు పెట్టదు. మెరుగు కోసం కొనేవారు నిరాశపడతారు. రాళ్లు పొదిగిన, లక్క పూసిన వస్తువులను అందులో వేయకూడదు, వస్తువు తొట్టి అడుగును తాకకుండా బుట్టలో ఉంచాలి. పెద్ద సెమ్మెలు పట్టే తొట్టి ఇంటికి కొనదగిన వస్తువు కాదు.

తిరుగుడు పీపా విషయం మరింత జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే విదేశీ వీడియోలు చూసి దానిని తెప్పించుకోవాలనుకునేవారు పెరుగుతున్నారు. తూటాలను మళ్లీ నింపుకునేవారు దానిని రెండు రకాలుగా వాడతారు. పొడి పద్ధతిలో మొక్కజొన్న కండె పొట్టు లేదా అక్రోటు పెంకు పొడి వేసి కదుపుతారు. గొట్టం పైభాగం మెరుస్తుంది, లోపలి మసి మాత్రం పూర్తిగా పోదు, పైగా తూటాలోని మందు కాలినప్పుడు మిగిలిన సీసపు ధూళి పొడిలో చేరి గాలిలోకి లేస్తుంది. తడి పద్ధతిలో నీళ్లు, కొద్దిగా సబ్బు, చిటికెడు నిమ్మ ఉప్పు, సుమారు ఒక మిల్లీమీటరు మందం ఉన్న స్టెయిన్‌లెస్ స్టీలు పుల్లలు వేసి తిప్పుతారు. పుల్లలు గొట్టం లోపలి మూలల వరకు చేరి శుభ్రం చేస్తాయి, ధూళి లేవదు. గొట్టాలకు తడి పద్ధతి మేలన్నది స్పష్టం. అయితే ఆ గొట్టాలన్నీ ఒకే పరిమాణంలో, గట్టిగా, నగిషీ లేకుండా ఉంటాయి. వాటికి కూడా ఎక్కువసేపు తిప్పితే అంచులు మొద్దుబారతాయి. మన దేశంలో తూటాలు తయారు చేయడానికి 1959 నాటి ఆయుధ చట్టం కింద లైసెన్సు తప్పనిసరి కాబట్టి, ఆ అవసరం మామూలు ఇంటికి లేనే లేదు. హంస ముక్కు, పువ్వు రేకులు ఉన్న సెమ్మెను ఆ పీపాలో వేస్తే పుల్లల దెబ్బకు చెక్కుడు గీతలు చదునవుతాయి, బరువైన వస్తువులు ఒకదానినొకటి కొట్టుకుని సొట్టలు పడతాయి. ఒకే రకం చిన్న గంటలు, గుండీలు, కుళాయి భాగాలు పెద్ద సంఖ్యలో చేసే చిన్న కర్మాగారానికి అది మంచి పెట్టుబడి, ఇంటికి కాదు.

దుకాణంలో బఫింగు

పాత్రల దుకాణాల వారు పాత సామానుకు మెరుగు పెట్టించి ఇస్తారు. తరచుగా ముందు ఘాటైన ఆమ్లంలో ముంచి, తరువాత తిరిగే గుడ్డ చక్రం మీద పట్టుతారు. కొత్తదిలా కనబడటం నిజమే, అయితే ఆ కొత్తదనం పై పొర లోహం పోవడం వల్ల వచ్చినది. దీనివల్ల మనం పోగొట్టుకునేది ఒకటి ఉంది, దాని గురించి నాకు నిజంగా బాధ కలుగుతుంది. పూర్వం పెళ్లికో, గృహప్రవేశానికో ఇచ్చిన బిందె మీద, తాంబాళం మీద, ఇచ్చినవారి పేరూ తేదీ చుక్కలుగా చెక్కించేవారు. ఒక్కసారి చక్రం మీద గట్టిగా పడితే ఆ పేరు మసకబారుతుంది, రెండు మూడు సార్లకు చెరిగిపోతుంది. అది తిరిగి రాదు. బఫింగుకు ఇవ్వక తప్పదనుకుంటే, పేరున్న భాగాన్ని ముట్టవద్దని ముందే చెప్పి, చక్రం మీద పట్టే ముందు ఆ అక్షరాల ఫొటో తీసి పెట్టుకోండి. సొట్టలు తీయించవలసిన సాదా బిందెకు, గీతలు పడిన పెద్ద గంగాళానికి బఫింగు తగిన మార్గమే.

నా ఎంపిక

చెన్నైలోని సగటు తెలుగు ఇంటికి, రోజూ వాడే పూజ సామానుకు ఉప్పు కలపని చింతపండు, పండుగకు ముందు దింపే సెమ్మెలకు సోడా నీళ్ల తరువాత కొద్ది నిమిషాల నిమ్మ ఉప్పు, చివరికి విభూతి. తలుపు పిడులకు పాలిషు ద్రవం. నాట్యం నేర్చుకునే పిల్లల వంద చిరుగంటల గజ్జెలకు, తోలు పట్టీ నుంచి విడదీయగలిగితే, అల్ట్రాసోనిక్ తొట్టి. పేర్లున్న పాత సామానుకు చింతపండు తప్ప మరేదీ కాదు, అది కూడా మెత్తని బట్టతో.

కడిగిన సామానును నూలు బట్టలో చుట్టి, తేమ పీల్చే సిలికా పొట్లాలతో పెట్టెలో ఉంచండి. రబ్బరు బ్యాండ్లతో కట్టవద్దు, ఉన్ని బట్టలో చుట్టవద్దు, వాటిలోని గంధకం ఇత్తడిని నల్లబరుస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు ఉన్నప్పుడు పెట్టెను ఒకసారి తెరిచి, పొట్లాలను మార్చి, మరల సందుల్లో లేత పచ్చ పొడి పుట్టిందేమో చూసుకోండి.